ఎముక ఆగవలసిన చోటు

కదిరి చుట్టునున్న గుట్టల రాతిలోను, ఆ గుట్టల దిగువ చేలలో గొంతుకూర్చుండి శెనక్కాయపైరుకు కలుపు తీయుచున్న కూలితల్లి మోకాటిలోను ఒక్క వంశమునకే చెందిన ఖనిజము గలదు. దానికి ఎపటైటని పేరు. గ్రానైటు శిలయందు అది సన్నని స్ఫటికములుగా అక్కడొకటి ఇక్కడొకటి చిక్కుకొనియుండును. మానవదేహమందు ఒకింత రూపు మార్చుకొని, హైడ్రాక్సీ ఎపటైటను పేర, సామాన్యమైన సూక్ష్మదర్శినికిగూడ అందనంతటి చిన్న స్ఫటికములై, అస్థులకు కాఠిన్యము నొసగుచుండును. కాల్షియము, ఫాస్ఫేటు అను రెండును ఇందును అందును మూలద్రవ్యములే. అయితే శిలలోని స్ఫటికము రెండువందల కోట్ల సంవత్సరములకు పైగా ఉన్నచోటనే ఉన్నది; దేహములోని స్ఫటికమునకో, ఈ యేడున్నచోట పైయేట నుండునను భరోసా లేదు. ఈ రెండింటి నడుమ రాయబారము నడపునది నీరు. ఆ రాయబారము సక్రమముగా నడచినంతకాలము మనకు ఎముకల ఊసే యుండదు; అది వక్రించినపుడు ఏమగునో అనంతపురపు పీఠభూమిలో పలు పల్లెలవారికి పుస్తకము చదువకయే తెలిసినది.

ఎముక యనగానే మనవారికి శ్మశానము స్ఫురించును. ఇది ఎముకకు జరిగిన అన్యాయము. కాలిపోగా మిగిలిన తెల్లని బొమికను చూచి ఎముక స్వరూపమిది యని తీర్మానించుట, ఇల్లు కాలిన పిదప మిగిలిన మొండిగోడను చూచి కాపురమిట్లుండెనని చెప్పుట వంటిది. బ్రతికియున్న ఎముక తెల్లగా నుండదు. లోపల నెత్తురు ప్రవహించుచుండుటచే లేతగులాబి వన్నెతో, తడిగా, పైన నరములు గల పలుచని పొర కప్పుకొని యుండును. ఎముక విరిగినపుడు కలుగు దుర్భరమైన బాధ అధికముగా ఆ పొరదే. లోపలి ఎఱ్ఱమజ్జ దినమునకు సుమారు ఇరువదివేల కోట్ల రక్తకణములను పుట్టించుచున్నది. ఇంత పని చేయుచున్న అవయవమును మనము కట్టెతో పోల్చి ఊరకున్నాము.

శిశువు జన్మించునపుడు దేహమున 270 మొదలు 300 వరకు ఎముకలుండును. వయస్సు పెరిగినకొలది వానిలో పెక్కులు ఒకదానితో నొకటి కలిసిపోగా, యౌవనము ముగియునాటికి 206 మిగులును. వీనిలో కపాలము, వెన్నెముక, ప్రక్కటెముకలు మొదలగు నడిమి పంజరమునకు చెందినవి 80. భుజమేఖల, కటిమేఖలలతో కూడ కాలుసేతులవి 126. ఒక్కొక్క చేతియందు మణికట్టు మొదలు వ్రేళ్ళ కొనలదాక 27, ఒక్కొక్క పాదమందు 26 ఉన్నవి గనుక, దేహములోని ఎముకలలో సగమునకు మించి, 106, ఈ నాలుగు కొసలలోనే యిమిడియున్నవి. తొడ ఎముక అన్నింటికంటె పొడవైనది. చెవిలోపలి అంకవన్నె యెముక అన్నింటికంటె చిన్నది. దాని పొడవు మూడు మిల్లీమీటర్లు. ప్రకృతి ఎముకలను బరువు మోయుటకే కాక సన్ననిపనులకు, వినికిడికిగూడ వినియోగించుకొన్నదని ఈ లెక్క చెప్పుచున్నది.

ప్రాచీనుల లెక్క వేరు. చరకసంహిత 360 అనినది, సుశ్రుతసంహిత 300 అనినది. చరకుడు దంతములను, గోళ్ళనుగూడ అస్థులలో చేర్చెను. సుశ్రుతుడు మనము మృదులాస్థి యనుచున్న దానిని తరుణాస్థి యని పిలిచి లెక్కలో నుంచెను. కాబట్టి వారు తప్పినారని ఇప్పటివారు నవ్వుట అనుచితము. మృతదేహమును గడ్డితో చుట్టి, పంజరమున నుంచి, ప్రవహించు నీటిలో ఏడు రాత్రులు నాననిచ్చి, పిమ్మట వట్టివేరు మున్నగువాని కుంచెలతో మెల్లమెల్లగా రాచుచు పొరపొరగా కన్నులార చూడవలెనని శిష్యుని కాదేశించిన సుశ్రుతుడు ఊహతో తృప్తిపడినవాడు కాడు. నాకు మిక్కిలి నచ్చినది మాత్రము ఎముకల సంఖ్య కాదు, ఆయన సంధులకిచ్చిన గౌరవము. దేహసంధులు 210 అని లెక్కించి, కదలునవి, కదలనివి యని మొదట విభజించి, వాని ఆకారమును బట్టి ఎనిమిది జాతులుగా ఏర్పరచి, తుంటికీలు వంటి దానిని ఉలూఖల మనియు, పుఱ్ఱెలోని కుట్టువంటి అతుకును తున్నసేవని యనియు పేరులు పెట్టెను. నేటి శాస్త్రపుస్తకములందలి బంతిగిన్నె కీలు, కదలని కీలు అనునవి ఈ రెండే.

ఎముక దేనితో కట్టబడినదో తెలియవలెనన్న ఇంటిలోనే పరీక్షింపవచ్చును. కోడికాలి సన్నని ఎముకను కొన్నాళ్ళు వెనిగరులో నాననిచ్చినచో సున్నపుపాలు కరగిపోయి, మిగిలినది వ్రేలికి చుట్టుకొనదగినంత మెత్తగా వంగును. మరియొక ఎముకను నిప్పులలో కాల్చినచో వంగు గుణము నశించి, ముట్టుకొన్నంతనే పొడియగును. మొదటి పరీక్షలో మిగిలినది కొల్లాజెను అను మాంసకృత్తు, రెండవదానిలో మిగిలినది ఖనిజము. బరువునుబట్టి ఎముకలో మూడింట రెండువంతులు ఖనిజము. తక్కినది కొల్లాజెను, నీరు. ఆ ఖనిజములోని భాస్వరమును దేహద్రవములలో సులభముగ కొలుచు మార్గమును 1925లో ప్రకటించినవారిలో ఒకరు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన రూపొందించిన ఆ రంగుపరీక్ష ఇరువురి పేరను ప్రపంచమందలి ప్రయోగశాలలన్నింటను నిలిచిపోయినది.

ఈ కట్టడమును నిత్యము కూల్చు కణములు కొన్ని, కట్టు కణములు కొన్ని ఎముకలోనే కాపురమున్నవి. పెద్దవారి దేహమున ఏటికి సుమారు పదవవంతు ఎముక ఇట్లు కొత్తదగుచుండును. దేహమందలి కాల్షియము రమారమి ఒక కిలో. అందులో నూటికి 99 పాళ్ళు ఎముకలలోను పండ్లలోను నుండును, మిగిలిన ఒక్క పాలుతో గుండె కొట్టుకొనుట, కండరములు ముడుచుకొనుట, నెత్తురు గడ్డకట్టుట సాగుచుండును. ఆ ఒక్క పాలు తగ్గెనా, గొంతునందలి పారాథైరాయిడు గ్రంథులు ఆజ్ఞాపింపగా ఎముక కరగి కాల్షియమును నెత్తుటి కిచ్చును. మనము తినక త్రాగక మిగిల్చినదంతయు చివరకు ఎముక లెక్కలోనే ఖర్చు వ్రాయబడును.

కట్టు కణములకు ఎక్కడ కట్టవలెనో తెలియుట మరియొక వింత. 1866లో జూరిచ్ నగరమున హెర్మన్ ఫాన్ మేయర్ అను శరీరశాస్త్రజ్ఞుడు తొడ ఎముక పైకొనను నిలువునా కోసి, లోపలి జల్లెడవంటి ఎముకపుల్లల అల్లికను చూపగా, కార్ల్ కుల్మన్ అను ఇంజనీరు దానిని చూచి, తాను బరువులెత్తు క్రేనునకు గీచు బలరేఖలే ఇవి యని గుర్తించెను. బరువు పడినచోట బలము చేకూరునని 1892లో బెర్లిను వైద్యుడు జూలియస్ వూల్ఫ్ దీనిని సూత్రీకరించెను. దీనికి పోలిక కదిరికి చేరువనే యున్నది: తిమ్మమ్మ మర్రిమాను ఐదెకరములకు మించి వ్యాపించి, 1989లో గిన్నిసు పుస్తకమున కెక్కినది. దాని కొమ్మలు బరువైనకొలది ఊడలు దిగి వానిని మోయుచున్నవి. ఎముకలో ఈ ఊడలు దిగుటయేకాక, బరువు తొలగినచోట కరగిపోవుటయు జరుగును. అందుచేతనే అంతరిక్షమున నెలల తరబడి తేలియాడినవారికిని, మంచము పట్టిన ముసలివారికిని ఎముక పలుచబడును.

ఇన్ని నేర్పులు గల ఎముకకు ఒక్కటి చేతకాదు. అది వంగలేదు. వంగుటయంతయు ఎముక లేనిచోట జరుగవలసినదే. కనుక అస్థిపంజరపు గొప్పదనము దాని కాఠిన్యములో కంటె, ఆ కాఠిన్యము సరియైన చోట ఆగిపోవుటలోనే యున్నదని నా అభిప్రాయము. ఆగుట మూడు తీరుల జరుగును. పుఱ్ఱెయందలి ఫలకముల నడుమ నారపదార్థము మాత్రముండి, కదలిక లేకుండును. వెన్నుపూసల నడుమ మృదులాస్థి బిళ్ళలుండి, ఒక్కొక్కచోట కొంచెము కొంచెముగా కదలి, మొత్తముమీద వెన్నంతయు విల్లువలె వంగుటకు అవకాశమిచ్చును. మూడవది మోకాలు, మోచేయి, భుజము, తుంటి వంటిది: ఎముకకొనల నడుమ సన్నని ఖాళీ, కొనలకు నునుపైన మృదులాస్థి పూత, చుట్టు సంచి, సంచిలో జిగురైన ద్రవము. మోకాలు ఎంత పెద్దదైనను అందులోని ఈ ద్రవము సాధారణముగా నాలుగు మిల్లీలీటర్లకు మించదు. అంతటితోనే మంచుపై మంచు జారుటకంటె తక్కువ రాపిడితో ఆ కీలు డెబ్బది యెనుబదియేండ్లు పనిచేయును.

ఈ మృదులాస్థికి రక్తనాళములు లేవు. అది ఆహారమును సంధిద్రవమునుండియే గ్రహింపవలెను. అడుగు వేసినపుడు నొక్కబడి తనలోని ద్రవమును బయటికి వదలును, అడుగెత్తినపుడు ఉబ్బి తిరిగి పీల్చుకొనును. కదలనికీలుకు కూడుండదు. మోకాళ్ళ నొప్పికి భయపడి కూర్చున్నచోటనుండి లేవకుండుట ఎందుకు మంచిది కాదో ఇందువలన తెలియును. మృదులాస్థి చెడిన తరువాత బాగుపడుట మిక్కిలి కష్టమగుటకు కారణముగూడ ఇదియే. మరమ్మతు సామగ్రిని తెచ్చు నెత్తురు అక్కడికి రాదు.

మోకాటిని గూర్చి కొంత విస్తరించి చెప్పవలెను, ఏలయన ఈ సీమలో అది పడు పాటు సామాన్యము కాదు. తుంటియందు తొడ ఎముక గుండు లోతైన గిన్నెలో కూర్చుండును. ఎముకయే ఎముకను పట్టుకొనియుండును. మోకాటిలో అట్టి సౌకర్యము లేదు. తొడ ఎముక క్రిందికొనలోని రెండు గుండ్రని ఉబ్బులు కాలియెముక పైనున్న బల్లపరుపు తలముమీద నిలిచియున్నవి. పళ్ళెము మీద రెండు గుండ్లు నిలుపుట ఎంత కష్టమో ఎరిగినవారికి, నడుమ నెలవంకలవలె పరచుకొన్న మృదులాస్థి మెత్తలు రెండును, లోపల ఒకదానినొకటి కత్తెరగా దాటు సంధిబంధనములు రెండును, ఇరుప్రక్కల బంధనములును లేకున్నచో మోకాలు ఒక్క అడుగైన వేయలేదని తెలియును. ముందున్న మోకాటిచిప్ప తొడకండరపు లాగుడుకు కప్పీవలె తోడ్పడును. సమనేలపై నడచునపుడే మోకాటిపై దేహభారమునకు రెండు మూడింతలు బరువు పడుచుండును. గొంతుకూర్చుండినపుడు మోకాలు దాదాపు పూర్తిగా మడచుకొని, చిప్ప తొడ ఎముకకు గట్టిగా అదుముకొనును. ఖరీఫునాట శెనక్కాయచేలలో కలుపు తీయుట, పిదప చెట్టు పీకుట, కాయ వలచుట, ఇవన్నియు ఆడవారు దినమంతయు ఈ భంగిమలోనే జరుగుచు చేయుపనులు. కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రము వేరుశనగలో కదిరి-3, కదిరి-6, కదిరి-9, కదిరి లేపాక్షి యని పేరుగన్న విత్తనములను దేశమున కిచ్చినది. ఆ పంట నంతటిని నేలనుండి పైకి తీసినవి మాత్రము ఈ మోకాళ్ళు.

“వంగేకి కాదు సారూ, నడుమూ మోకాళ్ళూ పట్టుకొన్యాయి” అని ఇచ్చటి ఆసుపత్రులలో వినబడు మాటకు అరుగుదలయే సామాన్య కారణము. కాని ఈ పీఠభూమిలో వైద్యుడు మరియొకటిగూడ విచారింపవలసియుండును: అమ్మా, మీ యూర ఏ నీళ్ళు త్రాగుదురు?

అనంతపురపు మెట్టకు ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. పడమటి కనుమలు మేఘములనడ్డగింపగా మిగిలినది ఇంతే. చెరువులు నిండక, దిగుడుబావులెండిపోగా, జనులు బోరులను నమ్ముకొనిరి. ఆ నీరు శిలల పగుళ్ళలో దీర్ఘకాలము నిలిచి, అభ్రకజాతి ఖనిజముల నుండియు, ఫ్లోరైటు, ఎపటైటుల నుండియు ఫ్లోరైడును కొంచెము కొంచెముగా కరగించుకొనును. ఎండకు నీరు చిక్కబడినకొలది అందలి కాల్షియము సున్నపుకంకరగా నేలలో విడిపోవును. ఫ్లోరైడును పట్టి నిలుపగల కాల్షియమే తొలగిపోగా, అది క్షారజలమున స్వేచ్ఛగా పెరుగును. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రామువరకు ఫ్లోరైడు సమ్మతమనియు, వేరు నీరు దొరకనిచో 1.5 మిల్లీగ్రాములు హద్దనియు భారతీయ ప్రమాణము. ఈ సీమలో పెక్కు బోరులు ఈ హద్దును దాటినవి. పైగా ఎండలో కష్టించువాడు త్రాగు నీరు నీడపట్టున నుండువానికంటె ఎక్కువ.

ఫ్లోరైడు దేహములోని ఎపటైటును చేరి, అందలి హైడ్రాక్సిలు స్థానమును ఆక్రమించును. అట్లేర్పడిన స్ఫటికము మునుపటికంటె స్థిరమైనది, త్వరగా కరగదు. వినుటకిది మేలుగా తోచును, పండ్లపొడులలో ఫ్లోరైడును కలుపుటయు ఇందుకే. కాని ఎముకకు కరగుటయు ఒక ధర్మమని చెప్పితిని గదా. కూల్చువారు వెనుకంజ వేయుచుండ, కట్టు కణములకు ఫ్లోరైడు హుషారు కల్పించును. ఎముక దట్టమై, బరువెక్కి, అయినను పెళుసై, చివరకు తన ఎల్లను మీరి సంధిబంధనములలోనికి, స్నాయువులలోనికి, నారపొరలలోనికి ఖనిజము ప్రాకును. మెత్తగా నుండవలసినవి గట్టిపడును. వెన్నుపూసలను కలుపు బంధనములు ఎముకగా మారగా వెన్నంతయు ఒక్క కఱ్ఱయగును. వెన్నుపాముండు గొట్టము ఇరుకై కాళ్ళకు పక్షవాతము వచ్చుటయు గలదు. ఈ వ్యాధికి ఫ్లోరోసిసని పేరు.

ఖనిజము ఇట్లు ప్రాకుట ముంజేతిలోను కనబడును. మోచేతికి దిగువ రత్ని, అరత్ని యను రెండెముకలున్నవి. అరచేతిని వెల్లకిల త్రిప్పినపుడు ఇవి ప్రక్కప్రక్కన నిలుచును. బోరగిల త్రిప్పినపుడు రత్ని అరత్నిమీదుగా అడ్డముగా దాటును. సంగటి కెలకుట, తాళము త్రిప్పుట, దోసిలి పట్టుట అన్నియు ఈ దాటుటచేతనే సాధ్యము. రెంటి నడుమ పలుచని నారపొర గలదు. ఫ్లోరోసిసు ముదిరినవారి ఎక్స్‌రేలో ఈ పొర అంచున ఎముక ముండ్లవలె మొలచియుండుట కనబడును. వైద్యులు దీనిని ఆ వ్యాధికి గట్టి గుర్తుగా భావింతురు.

ఈ వ్యాధిని మన దేశమున మొదట శాస్త్రీయముగా వర్ణించినది తెలుగునేలలోనే. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటునకు చెందిన షార్టు, ఆయనతో మెక్‌రాబర్టు, బర్నార్డు, మన్నాడి నాయరు కలిసి నాటి నెల్లూరు జిల్లా పల్లెలలోని రోగులను పరీక్షించి 1937లో ప్రకటించిరి. దానికి ఐదేండ్లముందే కోపెన్‌హేగనులో క్రయొలైటను ఫ్లోరిన్ ఖనిజమును పొడిచేయు కార్మికుల ఎక్స్‌రేలలో ఇవే మార్పులను డెన్మార్కు వైద్యులు చూచియుండిరి. అక్కడ ధూళి, ఇక్కడ నీరు. నల్లగొండ జిల్లా రోగులను గూర్చి సిద్దీఖీ 1955లో వ్రాసెను. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరోసిసు సీమలో యువకుల మోకాళ్ళు లోనికి ఒరిగి, పాదములు ఎడముగా పోవు క్రొత్త వైకల్యమును వెల్లడించిరి. నీటితోబాటు జొన్నలోని మాలిబ్డినము, తగ్గిన రాగిలోహము మొదలగువానిని పిమ్మట ఆ సంస్థవారు విచారించిరి. ఒక్క ఫ్లోరైడునే నిందించి ఊరకుండరాదనుట కిది నిదర్శనము: తిండిలో కాల్షియము చాలనిచోట అదే నీరు ఎక్కువ కీడు చేయును. నూరు గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు మించి కాల్షియమున్నది. ఆవుపాలలోకూడ అందులో సగమైన నుండదు. సీమవారు సంగటిముద్దను విడిచి రేషను బియ్యమునకు మరలుట ఎముకల దృష్టితో చూచినచో లాభసాటి బేరము కాదు.

నాగపూరు నీరీ సంస్థవారు 1970లలో పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును పేరబెట్టి తీయు పద్ధతిని రూపొందించి దానికి నల్లగొండ పేరు పెట్టిరి. పద్ధతి చౌక, కాని దినదినము మోతాదు చూచువారుండవలెను, మిగిలిన మడ్డిని పారవేయు చోటుండవలెను, కనుక పల్లెలలో దానిని నిలుపుట కష్టము. దూరపు జలాశయములనుండి నీరు తెచ్చుట మేలైన మార్గము. 1990ల నడుమ సత్యసాయి ట్రస్టు నిర్మించిన పథకము నాటి అనంతపురము జిల్లాలో 700కు పైబడిన గ్రామములకు నీరు చేర్చినది. 2008-09లో కేంద్రప్రభుత్వము ఫ్లోరోసిసు నివారణకు జాతీయ కార్యక్రమము నారంభించినది.

ఆ కార్యక్రమమున పనిచేయువారు ఊళ్ళలో చేయించు పరీక్షలు మూడు, యంత్రములతో పనిలేనివి. మోకాళ్ళు వంచక నేలమీది నాణెమును తీయుమందురు; గడ్డమును ఎదకు తాకింపుమందురు; రెండు చేతులను తలవెనుకకు మడచి పెట్టుమందురు. మొదటిది నడుమును, రెండవది మెడను, మూడవది భుజములను శోధించును. నొప్పి, బిగువు మాత్రమే యున్న దశలో నీరు మార్చినచో చాలమందికి ఉపశమనము కలుగును; చేరిన ఫ్లోరైడు ఎముక పునర్నిర్మాణముతోపాటు ఏండ్ల తరబడి మెల్లగా వెలుపలికి పోవును. బంధనము ఎముకయైపోయిన తరువాత దానిని మరల మెత్తబరచు మందు లేదు. పిల్లల విషయమున గడువు మరింత తక్కువ: శాశ్వతదంతముల పింగాణి ఏర్పడునది ఎనిమిదేండ్లలోపు గనుక, ఆ వయసున త్రాగిన నీటి గుర్తు పండ్లపై గోధుమరంగు మచ్చలుగా నిలిచిపోవును. ఊరిలో ఏ బోరు నీటిని ముందుగా పరీక్షింపవలెనన్న ప్రశ్నకు, అంగన్‌వాడీకిని, బడికిని నీరిచ్చు బోరును అనియే చెప్పవలెను.